సవరణ: తోపూరు యుద్ధం జరిగింది చంద్రగిరిలో కాదు

మా పూర్వీకుల గురించి గత వారం రాసినదానిలో, విజయనగర వారసత్వ అంతర్యుద్ధంలోని తోపూరు పోరు మన చంద్రగిరి కోట కిందే జరిగిందన్నాను, అది తప్పు. 1614లో వేంకటపతిరాయలు మరణించాక, గొబ్బూరి జగ్గరాయుడు కొత్త రాజు శ్రీరంగరాయలను కుటుంబంతో సహా చంపించగా, ఒక చాకలి సాయంతో ప్రాణాలతో బయటపడిన ఆ రాజు కొడుకు రామదేవుని పక్షాన వెలుగోటి యాచమనాయుడు పోరాడి జగ్గరాయుణ్ణి ఓడించిన ఆ తోపూరు తిరుచిరాపల్లి దగ్గరిది.

మా మూలపురుషుడు యాచమనాయుడి సైన్యంలో ఉన్నాడన్న మాటనూ వెనక్కి తీసుకుంటున్నాను. "కావేరి దాకా పోయి తిరిగొచ్చినాడు" అని మాత్రమే మా అవ్వ చెప్పేది. గెలిచినవారి వైపు చేర్చింది, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, నేనే. పెద్దలకు పెట్టేనాడు మేము బొట్టు పెట్టే పిడి విరిగిన కత్తి మీద ఏ పేరూ, ఏ ముద్రా లేదు.