స్థావరం దాకా వస్తే చాలు

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 2026 జులై 4తో 250 ఏళ్లు. బ్రిటిష్ రాజుపై తిరగబడి పుట్టిన దేశం కనుక వలసపాలనంటే గిట్టకపోవడం తమకు పుట్టుకతో వచ్చిన గుణమని అక్కడి నాయకులు చెప్పుకుంటారు. అందులో కొంత నిజమూ ఉంది. ఇండొనేసియాను వదలనంటున్న డచ్చి ప్రభుత్వాన్ని 1949లో మార్షల్ సాయం (యుద్ధం తర్వాత ఐరోపాకు ఇస్తున్న నిధులు) ఆపేస్తామన్న బెదిరింపుతో దారికి తెచ్చిందీ, 1956లో ఈజిప్టులోని సూయజ్ కాలువ నుంచి బ్రిటన్, ఫ్రాన్స్‌లను వెనక్కి పంపిందీ వాషింగ్టనే. 1898లో ఫిలిప్పీన్స్‌ను స్పెయిన్ నుంచి 2 కోట్ల డాలర్లకు కొనుక్కున్నదీ ఆ వాషింగ్టనే!

1960 డిసెంబరు 14న ఈ గుణానికి పరీక్ష ఎదురైంది. వలస దేశాలన్నిటికీ స్వాతంత్ర్యం ఇవ్వాలన్న 1514వ తీర్మానం ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో ఓటింగుకు వచ్చింది. అనుకూలం 89, వ్యతిరేకం సున్నా. ఓటు వేయకుండా కూర్చున్న తొమ్మిది దేశాల్లో బ్రిటన్, ఫ్రాన్స్, పోర్చుగల్, దక్షిణాఫ్రికాలతోపాటు అమెరికా ఉంది. బ్రిటన్ ప్రధాని మాక్‌మిలన్ స్వయంగా కోరడంతో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అలా ఆదేశించారు. న్యూయార్క్‌లోని తన ప్రతినిధుల అభ్యంతరాన్ని ఆయన లెక్కచేయలేదు. ఆ బృందంలోని నల్లజాతి మహిళ జెల్మా జార్జ్ మాత్రం తీర్మానం నెగ్గగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆనాడు అమెరికా పరువు కాస్తయినా దక్కిందంటే ఆమె వల్లనే.

కెనెడీ వచ్చాక గాలి మారినట్టే కనిపించింది. 1961 మార్చిలో పోర్చుగీసు వలస అంగోలా విషయమై భద్రతా మండలిలో అమెరికా సోవియట్ యూనియన్ సరసన చేరి, నాటో మిత్రదేశం పోర్చుగల్‌కు ఎదురుగా ఓటు వేసింది. కానీ పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లో అమెరికా వాడుకుంటున్న వైమానిక స్థావరం ఒప్పందం 1962 చివరికి ముగియాల్సి ఉంది. పోర్చుగల్ నియంత సలజార్ ఆ గడువును గట్టిగా పట్టుకున్నారు. క్రమంగా వాషింగ్టన్ గొంతు మెత్తబడింది. ఈలోగా 451 ఏళ్ల పోర్చుగీసు పాలన నుంచి గోవాను విడిపించినందుకు, 1961 డిసెంబరులో అదే మండలిలో అమెరికా రాయబారి స్టీవెన్సన్ మనల్ని బోనులో నిలబెట్టారు. సోవియట్ వీటో లేకపోతే భారత సేనలు వెనక్కి వెళ్లాలన్న తీర్మానం నెగ్గేదే.

ఇది గడిచిన చరిత్ర అనుకోనక్కర్లేదు. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల్లో ఒకటైన డియెగో గార్సియాలో అమెరికా స్థావరం కోసం 1968-73 మధ్య అక్కడి ద్వీపవాసులను బ్రిటన్ వెళ్లగొట్టింది. ప్రతిఫలంగా బ్రిటన్‌కు అమ్మిన పొలారిస్ అణు క్షిపణుల లెక్కలో అమెరికా 1.4 కోట్ల డాలర్లు తగ్గించింది. చాగోస్‌ను మారిషస్‌కు అప్పగించాలని 2019 మేలో 116 దేశాలు ఓటేస్తే, కాదన్న ఆరింటిలో అమెరికా ఒకటి. 2025 మేలో కుదిరిన ఒప్పందం దీవులపై సార్వభౌమాధికారాన్ని మారిషస్‌దిగా గుర్తిస్తూనే స్థావరం 99 ఏళ్లు బ్రిటన్ చేతిలోనే ఉండాలంది. వెళ్లగొట్టిన ద్వీపవాసులు మిగతా దీవుల్లో మళ్లీ స్థిరపడవచ్చునట, డియెగో గార్సియాలో మాత్రం కుదరదట.

ఫిలిప్పీన్స్ నుంచి కార్మికులను రప్పించి పనులు చేయించుకున్న దీవిలో, అక్కడే పుట్టినవారికి ఇల్లు కట్టుకునే చోటు లేదనడం భద్రతా కారణం కిందికి రాదు. ఆ ఒప్పందాన్ని భారత్ స్వాగతించింది. ఈ ఒక్క నిబంధన మార్చాలని మారిషస్‌తో కలిసి ఢిల్లీ లండన్‌నూ, వాషింగ్టన్‌నూ బాహాటంగా అడగాలి.