మ్యాచర్ రాలే, రేపు చూద్దాం

మొన్న టీవీ డిబేట్లో ఒక ఆర్థిక నిపుణుడు రైతులు మార్కెట్ సిగ్నల్స్ చదవడం నేర్చుకోవాలి అని సెలవిచ్చాడు. నిజమే సార్, మావాళ్లకి ఆ చదువు అబ్బలేదు. మా తెలంగాణలో సిగ్నల్ ఇచ్చేది ఒకే ఒక్క డబ్బా, గుప్పెడు వడ్లు పోసి మూత బిగిస్తే అందులో తేమ ఎంత శాతమో నంబర్ చూపిస్తుంది. 17 లోపు వస్తే నువ్వు రైతువి, 17 దాటితే నువ్వు కుప్పకి కాపలావాడివి. చదువుకున్నోళ్లు మాయిశ్చర్ మీటర్ అంటారు, కొనుగోలు సెంటర్లో దాన్నే మ్యాచర్ అంటారు. రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ మాట కోసం కూడా జనం ఇంత ఆత్రంగా చూడరు.

దాని ప్రతిభ గురించి కొంచెం చెప్పుకోవాలి. కుప్ప పైనుంచి గుప్పెడు తీస్తే 16.6, అదే కుప్పలో మోచేయి దాకా చెయ్యి పెట్టి తీస్తే 18.3. అంటే క్వింటాకి 2,369 రూపాయల మద్దతు ధర (2025-26 సాధారణ రకం రేటు, ఢిల్లీలో కేబినెట్ కూర్చొని తేల్చింది) నీకు దక్కుతుందా లేదా అన్నది సెంటర్లో చెయ్యి ఎంత లోపలికి పోయిందన్న దాని మీద ఉంది. దీన్ని పాలసీ అంటారు.

"మ్యాచర్ రాలే కాకా, రేపు చూద్దాం."

"పొద్దటి సంది తిరగేస్తనే ఉన్న బిడ్డా, ఇంకెంత ఎండాలె?"

రేపు చూద్దాం అన్న ఆ పిల్ల తప్పేం లేదు, సెంటర్లో మహిళా సంఘం తరఫున కూర్చుంది, మీటర్ ఏం చెప్తే అది చెప్తుంది. కాకా మళ్లీ రోడ్డెక్కుతాడు. రోడ్డంటే ఏమనుకున్నారు, వ్యవసాయ మౌలిక సదుపాయం అది, సగం మీద వడ్లు సగం మీద బస్సులు. కాళ్లతో సాళ్లు తీసుకుంటూ ఆ చివర్నుంచి ఈ చివరికి నడుస్తాడు, మధ్యాహ్నానికి 17.4 వస్తుంది, హమ్మయ్య ఇంకొక్క ఎండ చాలు అనుకుంటాడు, సాయంత్రం మబ్బు పడుతుంది, పట్టాలు కప్పుతాడు, పట్టాలు కిరాయివి, రోజుకింత అని లెక్క, రాత్రి వాన పడుతుంది, పొద్దున తీస్తే కింద వడ్లు మొలకొచ్చి ఉంటాయి, పైవి 19. మళ్లీ మొదలు. చివరికి ఒకరోజు దేవుడి దయ వల్ల 14 వస్తుంది, మ్యాచర్ పాసైంది, కాకా మొహంలో కళ వచ్చింది. గోనె సంచులు లేవు. సంచులు వచ్చాయి, హమాలీలు లేరు. హమాలీలు వచ్చారు, కాంటా అయింది, లారీ లేదు. లారీ ఎందుకు లేదయ్యా అంటే మిల్లు దగ్గర దిగుమతి కాక క్యూలో ఉంది. ఈలోపు వడ్లు కాకావే, వాన పడితే తడిసేవీ కాకావే, అమ్ముడుపోయాయో లేదో మాత్రం ఎవరికీ తెలీదు.

ఇక్కడ చిన్న లెక్కుంది, టీవీ సార్లు కాలిక్యులేటర్ తీయొచ్చు. 17 శాతం తేమతో క్వింటా వడ్లు ఉన్నాయనుకోండి, అవే 14కి ఎండితే తూకం 96న్నర కిలోలు. రేటు మాత్రం అంతే. 17 దాటితే వెనక్కి పంపుతారు గానీ 14కి ఎండబెట్టి తెస్తే పైసా ఎక్కువివ్వరు. రేపు చూద్దాం అని కూర్చోబెట్టిన పాపానికి క్వింటాకి దగ్గర దగ్గర 80 రూపాయలు ఆవిరైపోయాయి. మిల్లు నుంచి ఎఫ్‌సీఐకి, అంటే కేంద్రం తరఫున బియ్యం తీసుకునే సంస్థకి, పోయే బియ్యంలో తేమ 14 ఉండాలి, అంటే ఆ ఆరబెట్టే పని ఎవడో ఒకడు చెయ్యాలి కదా, కాకా రోడ్డు మీద ఫ్రీగా చేసి పెట్టాడు. మార్కెట్ ఎఫిషియెన్సీ అంటే ఇదే.

సరే, మార్కెట్నే నమ్ముకుందాం అనుకుంటే అదెప్పుడు ఉంటుందో ఎప్పుడు ఉండదో పంచాంగంలో కూడా దొరకదు. 2023లో ప్రపంచంలో బియ్యం రేట్లు పదేళ్లకు పైగా లేనంత ఎత్తుకి పోతుంటే, అబ్బా మంచి సిగ్నల్ వచ్చింది అని మనం అనుకునే లోపే జులై 20న తెల్ల బియ్యం ఎగుమతి బంద్. ఆగస్టులో బాయిల్డ్ (ఉప్పుడు బియ్యం) ఎగుమతి మీద 20 శాతం సుంకం. బాస్మతి కాని తెల్ల బియ్యానికి తలుపు తీసింది 2024 సెప్టెంబర్‌లో, మధ్యలో లోక్‌సభ ఎన్నికలు వచ్చి పోయాయి, యాదృచ్ఛికం అనుకోండి. రేటు పెరిగితే దేశానికి ఆహార భద్రత, రేటు పడితే స్వేచ్ఛా మార్కెట్, రైతు పోటీతత్వం పెంచుకోవాలి. ఇంత క్లియర్‌గా ఉన్నా సిగ్నల్ అర్థం కాలేదంటే మన ఖర్మ.

యాసంగి (రబీ) సంగతి ఇంకా బాగుంటుంది. ఎండలకి యాసంగి వడ్లు పచ్చి బియ్యం పట్టిస్తే నూక ఎక్కువ, అందుకే బాయిల్డ్ చేస్తారు, తెలంగాణలో చిన్నపిల్లాడికీ తెలుసు. 2021లో కేంద్రం ఇకమీదట బాయిల్డ్ తీసుకోం అంది. రాష్ట్రం వరి వెయ్యొద్దంది. నిన్నటిదాకా కాళేశ్వరం నీళ్లొచ్చాయి కోటి ఎకరాల మాగాణి అన్నవాళ్లే, కరెంటు 24 గంటలు ఇచ్చినవాళ్లే. 2022 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఢిల్లీ వెళ్లి ధర్నా చేశారు, తిరిగొచ్చి మేమే కొంటాం అన్నారు. రైతు అప్పటికి నాటు వేసి, కలుపు తీసి, కోతకొచ్చి ఉన్నాడు. వాళ్ల మాట విని వేరే పంట వేసినోడికి ఏం సిగ్నల్ అందింది సార్?

ఇప్పుడు సన్న వడ్లకి క్వింటాకి 500 బోనస్. ఇవ్వాల్సిందే, నేను కాదనను, వచ్చినోళ్ల ఇంట్లో అది నిజమైన డబ్బే. కానీ సన్నం అని తేలాలంటే పొట్టు తీసిన గింజ పొడుగు 6 మిల్లీమీటర్ల లోపు, వెడల్పు 2 లోపు ఉండాలట. కాలిపర్ పెట్టి గింజని కొలవడం చూశారా ఎప్పుడైనా? బంగారం షాపులో కూడా అంత జాగ్రత్త ఉండదు. వడ్ల గింజని మిల్లీమీటర్లలో కొలవగలిగిన వ్యవస్థ ఇది, తేమని పాయింట్లలో చెప్పగలిగిన వ్యవస్థ ఇది.

అదే వ్యవస్థకి బస్తా తూకం మాత్రం రాదు.

40 కిలోల బస్తాకి 41 తూస్తారు, కొన్నిచోట్ల 42. సంచి బరువు అంటారు. ఏ గోనె సంచి రెండు కిలోలు ఉంటుందిరా బాబు? అడిగితే తాలు (గింజ లేని పొట్టు) అంటారు, మట్టి అంటారు, అది కూడా అయిపోతే మిల్లర్ ఒప్పుకోవట్లేదు అంటారు. సెంటర్లో మ్యాచర్ పాసై, కాంటా అయి, లారీ పోయాక మిల్లు నుంచి ఫోన్ వస్తుంది, బస్తాకి ఇంకో కిలో కోతకి ఒప్పుకుంటేనే దించుతాం, లేకపోతే లారీ వెనక్కి. కిరాయి ఎవడు కడతాడు? కాకానే. ఒప్పుకోక ఏం చేస్తాడు? బస్తాకి ఒక్క కిలో అన్నా ఎకరానికి 25 క్వింటాళ్లకి 60 కిలోల పైన పోయినట్టు, 1,500 రూపాయలు, మూడెకరాలు ఉంటే నాలుగున్నర వేలు. పోయిన డబ్బుకి రసీదు లేదు. తరుగు అన్న ఖాతా ఏ పుస్తకంలోనూ లేదు. మంత్రులు సీజన్ సీజన్‌కీ గింజ కూడా తరుగు తీయొద్దు, తీస్తే చర్యలు అని గట్టిగా చెప్తారు, ఆ ప్రెస్ మీట్ అయిన సాయంత్రమే మిల్లు నుంచి ఫోన్ మోగుతుంది.

దీన్ని సరఫరా గిరాకీ అని నాకెవరూ చెప్పొద్దు. మద్దతు ధర కాగితం మీద ఇచ్చి కాంటా మీద లాక్కోవడం దొంగతనం. బస్తాకి కిలో ఎక్కువ తూయమని ఏ జీవోలో రాశారో చూపించమనండి, ఆ నంబర్ చెప్తే చాలు, నేనే ప్రింట్ తీసి సెంటర్ సెంటర్‌కీ అంటిస్తా.