మూత మూసి ఉంచండి మహాశయా!

థర్మాకోల్ పెట్టెలో ఒక బల్బు, ఒక చిన్న ఫ్యాను, వేడిని అదుపులో ఉంచే ఒక థర్మోస్టాట్ బిగించి కోడిపెట్టకు పదవీ విరమణ ప్రకటించిన ఇంక్యుబేటర్ మేధావులను మీరూ ఎరుగుదురు. వీరిలో కొందరు సూపర్‌మార్కెట్ నుంచి ట్రే గుడ్లు తెచ్చి పొదగవేస్తారు. అమ్మకపు గుడ్ల కోసమే పెట్టలను పెంచే లేయరు ఫారాలలో పుంజు ఊసే ఉండదనీ, పుంజు కలవని గుడ్డును 21 రోజులు కాదు గదా 21 ఏళ్లు వేడిచేసినా మురుగుతుందే తప్ప పిల్ల కాదనీ చెప్పబోతే, "పాజిటివ్‌గా ఆలోచించండి సార్" అంటారు.

సరే, నాటుగుడ్లే తెచ్చారనుకుందాం. ఇందులో మనిషి చేయవలసింది బహు స్వల్పం: వేడిని 37.5 డిగ్రీల దగ్గర నిలపడం, 18వ రోజు దాకా గుడ్లను రోజుకు మూడు నాలుగుసార్లు తిప్పడం, ఆపైన తేమ పెంచి, మూత వేసి, చేతులు కట్టుకుని కూర్చోవడం. ఆ చివరిదే మన మేధావి వల్ల కాదు. తేమ ఎంతుందో చూడడానికి మూత తీసి, తీసినందువల్ల తగ్గిన తేమను చూసి కంగారుపడి, నీళ్లు పోయడానికి మళ్లీ తీస్తాడు. బావమరిదికి వీడియో కాల్‌లో చూపించడానికి తీస్తాడు. "ఏమండీ, ఆ మూత కాస్త వేయండి" అని భార్య అన్నందుకు, గట్టిగానే వేశానని నిరూపించడానికి ఇంకోసారి తీస్తాడు.

గుడ్డుకు చిల్లు పడిందంటే ఇక ఆగడు. పిల్ల పెంకు పగలగొట్టుకుని బయటికి రావడానికి ఒక పూట పట్టవచ్చు, ఒక్కోసారి రోజంతా పట్టవచ్చు; ఆ వ్యవధిలోనే అది పెంకు లోపలి పొరలోని రక్తాన్నీ, మిగిలిన పచ్చసొననూ ఒంట్లోకి లాక్కుంటుంది. ఆ పని ముగియకముందే పట్టకారుతో పెంకు వలిస్తే రక్తం కారుతుంది. తెలియక చేసినవాణ్ని క్షమించవచ్చు. తెలిసీ, రీలు కోసం, వెనక వీణానాదం పెట్టి, చావబోయే పిల్లను అరచేతిలో పట్టుకుని "దీనికి ప్రాణం పోసింది నేనే" అని రాసుకునేవాణ్ని ఏమనాలి? పోయలేదయ్యా, తీశావు. నాలుగు లైకుల కోసం చంపావు. పొదుగు మీదున్న పెట్ట ఏ కాసేపో మేతకు దిగి, మళ్లీ వచ్చి కదలకుండా కూర్చుంటుంది. దానికి ఫోను లేదు గనుక సిగ్గుంది.

బతికిన పిల్లలలో సుమారు సగం పుంజులేనన్న సంగతి మాత్రం వీరికి నాలుగైదు నెలల తర్వాత, తెల్లవారుజామున, అపార్టుమెంటు మొత్తంతో పాటే తెలుస్తుంది. అప్పుడు వాట్సాప్ గ్రూపులో ప్రకటన వెలువడుతుంది: "పుంజులు ఉచితం. కోయబోమని, పందేనికి దింపబోమని హామీ ఇచ్చే కుటుంబాలకు మాత్రమే." అది సంక్రాంతికి వారం ముందైతే, గోదావరి జిల్లాల నుంచి అహింసావాదుల ఫోన్లు ఆగకుండా మోగుతూనే ఉంటాయి.