ఆన్సర్ కీ గారికి, ఒక ఆర్మడిల్లో అభిమాని రాసుకొను లేఖ

మహారాజశ్రీ ఆన్సర్ కీ గారికి నమస్కారాలు,

మొన్నటి గ్రాండ్ టెస్టులో ఆర్మడిల్లోకి (ఒంటి మీద కవచముండే అమెరికా జంతువు) దగ్గరి చుట్టం ఏదని అడిగి అలుగు (పొలుసులుండే పాంగోలిన్), స్లోత్ (చెట్లకు వేలాడే మందకొడి జంతువు), తాబేలు, ఎలుగుబంటి అని ఆప్షన్లు ఇచ్చిన్రు కదా. నేను స్లోత్ పెట్టిన. తమరేమో అలుగు అన్నరు. మార్కు పోయింది, పైనుంచి నెగెటివ్ కూడా కోసిన్రు. అబ్జెక్షన్ ఇద్దామని అశోక్‌నగర్‌లో మీ ఆఫీసుకొస్తే సారు లంచ్‌కి పోయిండన్నరు, ఆ లంచ్ సాయంత్రం చాయ్ దాకా సాగింది, ఆఖరికి కౌంటర్ల అన్న నా ఫామ్ అటూ ఇటూ తిప్పి "కీ అంటే కీనే తమ్మీ" అని ఒక పిన్ను కొట్టి పక్కన పడేసిండు.

తమరి లాజిక్ నాకు అర్థమైంది సార్. దానికీ కవచం ఉంది, దీనికీ ఉంది, రెండూ చీమల మీద పడతయ్, ఇంకేం, చుట్టాలే. ఇద్దరు హెల్మెట్ పెట్టుకున్నరని అన్నదమ్ములైపోతరా? అట్లైతే పంజాగుట్ట సిగ్నల్ కాడ ఆగినోళ్లంతా మా చిన్నాయన కొడుకులే. ఆర్మడిల్లోది చర్మంలో పుట్టిన ఎముక పలకల కవచం, అలుగుది మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తో చేసిన పొలుసులు. బంతిలెక్క పూర్తిగా ముడుచుకునేది కూడా ఆర్మడిల్లోల్లో మూడు పట్టీల రకాలే, అన్నీ కాదు. అసలు అలుగుకి దగ్గరి చుట్టాలు కుక్కలూ పిల్లులూ ఉండే గుంపు, అంటే మీ ఆఫీసు మెట్ల మీద పండుకునే పిల్లి అలుగుకి ఆర్మడిల్లో కన్నా దగ్గర, నేను కాదు, డీఎన్‌ఏ చెప్తుంది.

ఆర్మడిల్లో, స్లోత్, యాంట్‌ఈటర్ (పొడుగు మూతితో చీమలు తినే జంతువు) మూడూ దక్షిణ అమెరికా ఒక పెద్ద దీవిలా ఉన్న కాలంలో అక్కడే పెరిగిన జెనార్త్రా వంశం. నడుము దగ్గర వెన్నుపూసలకి ఎక్స్‌ట్రా కీళ్లుంటయ్, వేరే ఏ క్షీరదానికీ ఉండవు. ఒకటి చెట్టుకు తలకిందులుగా వేలాడుద్ది, ఒకటి నేల తవ్వుద్ది, అయినా నడుము చూస్తే ఇంటిపేరు తెలిసిపోద్ది. నడుము చూడాలె సార్, పైన కోటు కాదు!

ఇక మీ ఎక్స్‌ప్లనేషన్ బుక్‌లెట్టు. ఈ జంతువులకు పళ్లుండవట. యాంట్‌ఈటర్‌కి ఉండవు, నిజమే, జెయింట్ ఆర్మడిల్లోకి మాత్రం 80 నుంచి 100 దాకా ఉంటయ్. క్షీరదాలన్నిటికీ మెడలో 7 ఎముకలేనట. మూడు వేళ్ల స్లోత్‌ని అడిగిన్రా, దానికి మామూలుగా 9.

పాతకాలం సైంటిస్టులు కూడా పళ్లు లేవని అలుగుని వీటితోనే కలిపేసిన్రు, ఒప్పుకుంటా. 1791లో జార్జ్ షా అయితే పొడుగు గోళ్లు, పైన ముందుపళ్లు లేకపోవడం చూసి మన ఎలుగుబంటినే స్లోత్ అనుకుని ఆ జాతి పేరు పెట్టేసిండు. తర్వాతోళ్లు చూసిన్రు, ఇది ఎలుగే అన్నరు, మార్చిన్రు. రెండు వందల ఏండ్ల కింద, కంప్యూటర్ లేని రోజుల్లో, మార్చిన్రు! నీకేం రోగం? ఎవరో ఎప్పుడో టైప్ చేసిన పేజీని జిరాక్స్ మీద జిరాక్స్ తీసి, ఫీజు మాత్రం ఏటేటా పెంచి, అడిగినోణ్ణి బెంచీ మీద కూసోబెడతవా?

వచ్చే టెస్టులో మళ్లీ ఇదే ప్రశ్న ఇస్తవని తెల్సు. నేను మళ్లీ స్లోతే పెడతా, కోసుకో.