పంపకాలు ఆగిన చోటే నిలిచిన ద్రాక్ష తోటలు

ఖరీదైన రెడ్ వైన్ సీసా మీద ఒక వంశం పేరు, దాని కింద ఏదో పాత సంవత్సరం చాలాసార్లు కనిపిస్తాయి. వాటిలో సగం 'మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి' అన్న బాపతే. అయితే కుటుంబ ఎస్టేట్లకు ఒక బలం మాత్రం నిజంగా ఉంది. రాబడి లేకపోయినా ఏళ్ల తరబడి ఓపిక పట్టగలవు.

ఇటలీలో టస్కనీ తీరాన ఉన్న బోల్గేరిలో మారియో ఇన్చీసా దెల్లా రోకెట్టా 1940లలో కాబర్నే సావిన్యోన్ అనే ద్రాక్ష రకం తీగలు నాటించాడు. ఆ ప్రాంతం మంచి వైన్‌కు పనికొస్తుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. తొలి వైన్లు వగరుగా, మొరటుగా ఉన్నాయన్నారు. చాలాకాలం ఇంట్లోవాళ్లే తాగారు. సస్సికాయా పేరుతో అమ్మకానికి వచ్చిన తొలి పంట 1968 నాటిది. ఏటా లెక్క చెప్పాల్సిన మేనేజరు ఎవరైనా ఆ తోటను ఎప్పుడో పీకించేసేవాడు.

ఓపిక అంటే ఇక్కడ డబ్బు చిక్కుకుపోవడమే. రెడ్ వైన్‌కు రంగు తొక్కల నుంచి, వగరు తొక్కల నుంచీ గింజల నుంచీ వస్తాయి. ఆ వగరు మెత్తబడాలంటే ఓక్ పీపాల్లో నెలల తరబడి ఉంచాలి. చెక్క గుండా వైన్ కొద్దికొద్దిగా ఆవిరై మట్టం దిగుతుంది. ఖాళీలో గాలి చేరితే పులిసి చెడుతుంది కాబట్టి, పనివాళ్లు పీపా పీపాకూ మూత తీసి అదే వైన్‌తో మళ్లీ నింపుతూ ఉండాలి. ఇటలీలోనే తయారయ్యే బ్రునెల్లో ది మోంటాల్చీనో వైన్‌ను కోత తర్వాత అయిదో ఏడు వచ్చేదాకా అమ్మకూడదని నిబంధనే ఉంది.

ఇంత ఓపికా పంపకాల దగ్గర చెదిరిపోతుంది. సంతానం అందరికీ వాటా దక్కాలన్న 1804 నాటి నెపోలియన్ పౌరస్మృతి న్యాయమైనదే. ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతపు తోటలు మాత్రం దానివల్ల తరతరానికీ ముక్కలయ్యాయి. అక్కడి క్లో ద వూజో తోట చుట్టూ ఒకే ప్రహరీ. లోపల సుమారు 50 హెక్టార్లు, యజమానులు 80 మంది దాకా. పై వాలులో నీరు నిలవదు, కింది భాగంలో తేమ ఎక్కువ. సీసా మీద పేరు మాత్రం ఒక్కటే. నాలుగు వరుసల తీగలున్నవాడికి పంట ఒకటి రెండు పీపాలకు సరిపోతుంది. పీపాకు 228 లీటర్లు, అంటే దాదాపు 300 సీసాలు. నాసిరకం గుత్తులను ఏరి పారేయమంటే అతనికి ఏడాది ఆదాయంలో కోత పెట్టుకోమన్నట్టే.

అదే బర్గండీలో 1.8 హెక్టార్ల రోమానే-కోంతీ తోటను చూస్తే తేడా తెలుస్తుంది. 1942లో రెండు కుటుంబాలు దాన్ని ఉమ్మడి సంస్థగా మార్చుకున్నాయి. వారసులకు వచ్చేది షేర్లే, భూమి చెక్కుచెదరదు. 1945 కోత అయ్యాక ముసలి తీగలు పెరికి కొత్తవి నాటారు. 1952 వరకు ఆ తోట పేరుతో వైన్ రాలేదు. ఏడేళ్ల విరామాన్ని విడివిడి వాటాదారులు భరించగలిగేవారా?

అయినా షేర్ల పద్ధతి సర్వరోగనివారిణి కాదు. ఫ్రాన్సులో పిల్లలకు సంక్రమించే ఆస్తి మీద పన్ను గరిష్ఠ శ్లాబులో 45 శాతం. మినహాయింపులున్నా, హెక్టారు ధర మిలియన్ల యూరోల్లో పలికే చోట అది మామూలు భారం కాదు. తోటను తాకట్టు పెట్టడమో అమ్మడమో తప్పదు. 1932 నుంచి మొమ్మెస్సాఁ కుటుంబం చేతిలో ఉన్న బర్గండీ తోట క్లో ద తార్, చీలకుండానే 2017లో విలాస వస్తువుల వ్యాపారులైన పినో కుటుంబపు ఆర్తెమీస్ సంస్థకు వెళ్లింది. పినోలదీ కుటుంబ సంస్థే కదా అని సర్దిచెప్పుకోవచ్చు, కానీ వాళ్ల సంపద వైన్ మీద వచ్చింది కాదు. అదే సంస్థ చేతిలో ఉన్న బోర్డో ప్రాంతపు వైన్ ఎస్టేట్ షాతో లాతూర్, వైన్‌ను పీపాల్లో ఉండగానే ముందస్తుగా అమ్మే పద్ధతికి 2012లో స్వస్తి చెప్పింది. తాగడానికి సిద్ధమయ్యేదాకా తన నేలమాళిగలోనే దాచుకుంటోంది. ఓపికలో కూడా పాత కుటుంబాలను మించిన పెట్టుబడిదారులు వచ్చేశారన్నమాట. రాబోయే ఏళ్లలో ముందుగా అమ్ముడుపోయేవి వూజోలాంటి చోట్ల ఉన్న ఆ నాలుగేసి వరుసల వాటాలేనని నా అంచనా.