హారన్ కొట్టు, మాట్లాడకు

కారు వెనక సీటు పీకి పక్కన పెట్టేశారు. అడుగున ఉన్న రేకు మూత తీస్తే పెట్రోలు పంపు నెత్తి, దాని మీద నాలుగు తీగల ప్లగ్గు కనిపిస్తున్నాయి. బాబాయి మీటరు పట్టుకుని దాని మీదకి వంగి ఉన్నాడు. అత్తయ్య డ్రైవర్ సీట్లో తాళం మీద చెయ్యేసి కూర్చుంది. టార్చి పట్టుకోవడం నా పని.

ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. తాళం ఆన్ చెయ్యగానే వెనక నుంచి రావాల్సిన 'గుయ్' చప్పుడు లేదు. ఫ్యూజు బాగానే ఉంది. పంపుకి కరెంటు కలిపే చిన్న స్విచ్చు డబ్బా, అంటే రిలే మీద అనుమానంతో బాబాయి హారన్ రిలే పీకి పంపు రిలే చోట పెట్టాడు, రెండూ ఒకే రకం కాబట్టి. అక్కడినుంచి తీసిన పాతదాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఈ సంగతి మీరు గుర్తుంచుకోండి, ఆయన మర్చిపోయాడు.

బాబాయి: అక్కా, తాళం ఆన్ దాకా తిప్పు. స్టార్ట్ చెయ్యకు.

అత్తయ్య: తిప్పాను.

బాబాయి: ఎప్పుడు?

అత్తయ్య: నువ్వు తిప్పమన్నప్పుడు.

బాబాయి: తిప్పేటప్పుడు చెప్పాలి కదా! ఇంజను తిరక్కపోతే కంప్యూటరు పంపుకి 2 సెకన్లే కరెంటు ఇస్తుంది. రీడింగ్ ఆ 2 సెకన్లలోనే చూడాలి.

అత్తయ్య: సరే, ఇదిగో, తిప్పుతున్నాను. ఆ మోకాలి కింద ఏదైనా గుడ్డ వేసుకోరా, రేకు కోసుకుంటుంది. చిన్నప్పుడు కూడా అదే మోకాలు...

బాబాయి: అయిపోయాయి 2 సెకన్లు!

అత్తయ్య: నీ మోకాలు గురించే కదరా చెప్పింది.

బాబాయి: ఇంక మాటల్లేవు. నువ్వు తాళం తిప్పగానే హారన్ కొట్టు. నేను రీడింగ్ చూసుకుంటాను. అంతే.

అత్తయ్య: హారనా?

బాబాయి: హారనే.

అత్తయ్య: ఆలోచించే చెబుతున్నావా?

బాబాయి: నోరు తెరవొద్దన్నాను!

అత్తయ్య అద్దంలోంచి నా వైపు చూసింది. నేను చెప్పబోయాను. ఆవిడ కనుబొమ్మ కొంచెం లేచింది. ఊరుకున్నాను.

బాబాయి మీటరు వైపు చూస్తూ ఊపిరి బిగబట్టాడు. ఎంతసేపటికీ ఏమీ మోగలేదు. ఊపిరి వదిలేశాడు.

బాబాయి: కొట్టవేం?

అత్తయ్య: కొట్టాను.

బాబాయి: నాకు వినపడలేదు.

అత్తయ్య: నీకు ఎప్పుడు వినపడింది గనక?

బాబాయి: మళ్ళీ కొట్టు. గట్టిగా.

అత్తయ్య: ఇంతకన్నా గట్టిగా నొక్కితే స్టీరింగు ఊడి నీ ఒళ్ళో పడుతుంది.

బాబాయి: నిజంగా నొక్కుతున్నావా, ఉత్తుత్తినే అంటున్నావా?

అత్తయ్య: ఒరేయ్, లేచి వచ్చి చూడు.

బాబాయి లేచి వెళ్ళి తనే నొక్కాడు. అరచేత్తో నొక్కాడు, రెండు బొటనవేళ్ళతో నొక్కాడు, ఆఖరికి మోచేత్తో కూడా నొక్కాడు. చప్పుడు లేదు. కానీ ఆయన మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. నాకు భయం వేసింది.

బాబాయి: దొరికింది! పంపూ పోయింది, హారనూ పోయింది. రెండూ ఒకేసారి పోయాయంటే ఏమిటి అర్థం?

అత్తయ్య: ఏమిటో?

బాబాయి: రెండింటికీ కలిసిన తీగ ఎక్కడో తెగింది. మెయిన్ వైరింగే పోయింది అక్కా! డాష్‌బోర్డు విప్పాలి.

అత్తయ్య: విప్పు. పోయినసారి విప్పినప్పుడు మిగిలిన స్క్రూలు డబ్బాలో దాచాను. తోడుకి ఇంకొన్ని వస్తాయి.

బాబాయి: అవి ఎక్స్‌ట్రా స్క్రూలు.

అత్తయ్య: అవునవును, తయారుచేసినవాళ్ళు నీకోసం కానుకగా వేశారు.

బాబాయి: నీకు ఎలక్ట్రికల్ తెలీదు. ముందు ఇక్కడికి కరెంటు వస్తోందో లేదో తేలుస్తాను. ఈ ప్లస్ తీగని బాడీకి ఇలా తాకిస్తే, రవ్వ వస్తే ఉన్నట్టు...

అత్తయ్య సీట్లోంచి ఎలా లేచిందో నేను చూడలేదు. చూసేసరికి బాబాయి మణికట్టు ఆవిడ చేతిలో ఉంది.

అత్తయ్య: పెట్రోలు ట్యాంకు మీద కూర్చుని రవ్వలు తెప్పిస్తావా? బుద్ధుందా? నీకేమైనా అయితే మీ ఆవిడకి ఏం చెప్పమంటావు, నాకేం చెప్పుకోమంటావు?

బాబాయి: ఊరికే చిన్న రవ్వ...

అత్తయ్య: చేతిలో మీటరు ఉంది కదరా! అదేమన్నా నగా పెట్టుకు తిరగడానికి?

ఆ తర్వాత కాసేపు ఇద్దరూ మాట్లాడుకోలేదు. అత్తయ్య చెయ్యి మాత్రం వెంటనే వదల్లేదు.

అత్తయ్య: హారన్ సంగతి వదిలెయ్. మూడు లెక్కపెట్టి తిప్పుతాను. ప్లస్ చూడు. ఒకటి, రెండు, మూడు.

బాబాయి: 12 వోల్టులు! వస్తోంది!

అత్తయ్య: ప్లగ్గు తీసి కొలిచావా, పెట్టి కొలిచావా?

బాబాయి: తీసి.

అత్తయ్య: లోడు లేకుండా, అంటే పంపు కరెంటు లాగకుండా కొలిస్తే తుప్పు పట్టిన తీగ కూడా 12 చూపిస్తుంది. కరెంటు తిరిగి బాడీకి పోయే ఆ నల్ల తీగ, ఎర్త్ చూశావా?

బాబాయి: చూశాను. బీప్ అంది. ఎర్త్ బ్రహ్మాండంగా ఉంది.

అత్తయ్య: ఆ బీప్‌కి కాస్త దారుంటే చాలు. పంపు లాగే కరెంటుకి చాలదు. ప్లగ్గు పెట్టి, వెనక నుంచి సూది దూర్చి, నల్ల తీగకీ బాడీకీ మధ్య కొలువు. ఒకటి, రెండు, మూడు.

బాబాయి: 10.5! చూశావా, ఇక్కడ కూడా బోలెడు వోల్టేజి వస్తోంది!

అత్తయ్య: అది ఎర్త్ తీగరా నాయనా! అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలి. పంపుకి అందాల్సిన వోల్టేజినంతా ఆ తీగ చివర తుప్పు తినేస్తోంది.

బాబాయి ఆ అంకె వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఏమీ అనకుండా నల్ల తీగ పట్టుకుని కార్పెట్ కిందకి వెళ్ళాడు. గుమ్మం పక్కన రేకుకి బిగించిన బోల్టు కింద రింగు పచ్చగా చిలుము పట్టి పొడిపొడిగా రాలుతోంది. వేలితో కదిపితే ఊగింది. అత్తయ్య అడక్కుండానే వెళ్ళి బ్యాటరీ మైనస్ తీసి వచ్చింది. ఆయన గరుకు కాగితంతో రింగునీ, దాని కింది రేకునీ మెరిసేదాకా రుద్ది, బోల్టు బిగించాడు.

బ్యాటరీ తగిలించి తాళం తిప్పగానే వెనక నుంచి గుయ్‌మంది. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది.

బాబాయి: నీకెలా తెలిసింది?

అత్తయ్య: తాళం తిప్పినప్పుడల్లా పెట్రోలు ముల్లు పిచ్చిగా ఊగుతోందని మొన్న చెప్పాను. విన్నావా? ఈ బండిలో ముల్లుకీ పంపుకీ ఎర్త్ ఒకటే. కాగితం మీద గీసి ఉంది. నువ్వు చెమట తుడుచుకున్నావే, ఆ కాగితమే.

బాబాయి: సరే, ఒప్పుకున్నాను. కానీ పని సగమే అయింది. హారన్ ఇంకా మోగట్లేదు. రేపు స్టీరింగు విప్పుతాను.

అత్తయ్య: ముందు చొక్కా జేబులో చెయ్యి పెట్టు.

బాబాయి చెయ్యి పెట్టాడు. తీశాడు. అరచేతిలో ఉన్న రిలేని చూశాడు, అత్తయ్యని చూశాడు, ఎందుకో నన్ను కూడా చూశాడు. నేను టార్చి ఆర్పేశాను.

బాబాయి: ఎప్పటినుంచి తెలుసు నీకు?

అత్తయ్య: నువ్వు పీకినప్పటినుంచి.

బాబాయి: మరి చెప్పొచ్చు కదా!

అత్తయ్య: నోరు తెరవొద్దన్నావు. హారన్ కొట్టి చెబుదామంటే అది మోగదాయె.