కార్డు ఒంగోలులో, పేస్‌మేకర్ ఒంట్లో

పోయిన వారం నడుంనొప్పి చూపించుకుందామని నాన్న, అమ్మ ఒంగోలు నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి బెంగళూరు కృష్ణరాజపురంలో దిగారు. డాక్టరు ఎమ్మారై తీయాలన్నాడు. నాన్నకు ఎడమ కాలర్ బోన్ కింద పేస్‌మేకర్, అంటే గుండె లయ తప్పకుండా చూసే చిన్న యంత్రం ఉంది. అది ఎమ్మారైకి పనికొచ్చే రకమో కాదో తేలాలంటే దాని కంపెనీ, మోడల్ రాసి ఉండే ఇంప్లాంట్ కార్డు కావాలి. కార్డేమో ఒంగోలులో బీరువాలో ఉంది, బీరువా తాళంచెవి ఇక్కడ అమ్మ బ్యాగులో ఉంది. సాయంత్రం దాకా హాస్పిటల్లోనే కూర్చున్నాం.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నకూ అక్కకూ వాదన మొదలైంది. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. అక్క మారతహళ్లి దగ్గర ఒక కంపెనీలో పదకొండేళ్లుగా చిప్‌ల డిజైన్ పని చేస్తోంది. ఇద్దరూ మాట వదిలే రకం కాదు. గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

నాన్న: ఒంట్లో ఒక చిప్ పెట్టించుకుని ఉంటే ఇవాళ ఈ తిప్పలు ఉండేవా? స్కానర్ పెట్టగానే పేరు, జబ్బు, మందులు అన్నీ వచ్చేస్తాయి. కుక్కలకు పెడుతున్నారు, మనిషికెందుకు పెట్టరు?

అక్క: పెట్టారు నాన్నా. వెరిచిప్ అని, బియ్యపు గింజంత ఉండేది. 2004లో అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. సూదితో చేతి చర్మం కిందికి ఎక్కించేవాళ్లు. 2010కల్లా అమ్మడం మానేశారు.

నాన్న: ఏం, పని చెయ్యలేదా?

అక్క: పెట్టించుకున్నవాళ్లే తక్కువ. పైగా అందులో జబ్బు పేరూ లేదు, మందు పేరూ లేదు. 16 అంకెల నంబరు ఒక్కటే. వివరాలన్నీ ఎక్కడో కంప్యూటర్లో. నంబరే కావాలంటే మనకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు ఆభా ఉంది, 14 అంకెలు. 2021 నుంచి దేశమంతా ఇస్తున్నారు. దానికోసం ఒళ్లు పొడిపించుకోవాలా?

నాన్న: ఆభా ఫోన్లో ఉంటుంది. నేను రోడ్డు మీద పడితే ఫోన్ ఎటు పోతుందో ఎవరికి తెలుసు? చర్మం కిందది ఎక్కడికీ పోదు. ఇవాళ మాట్లాడగలిగాను కాబట్టి అన్నీ చెప్పాను. స్పృహ లేకపోతే, నేను రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటున్నానని ఎవరు చెప్తారు? తలకు దెబ్బ తగిలినవాడికి అది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

అక్క కాసేపు పెరుగన్నం కలుపుతూ ఊరుకుంది. ఇక్కడ నాకు నాన్న మాటే సరైనదనిపించింది. ఈ ఊళ్లో పీజీ హాస్టళ్లలో ఒంటరిగా ఉంటున్న మనవాళ్లు ఎంతమందో! వాళ్ల తరఫున చెప్పేవాళ్లు పక్కన ఎవరుంటారు?

అక్క: అది ఒప్పుకుంటా. కానీ నంబరు దొరికాక, దాని వెనకున్న పుస్తకం తెరుచుకోవాలి కదా. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగినప్పుడు రోజుల తరబడి పనంతా చేత్తోనే చేసుకున్నారు.

నాన్న: ఒకసారి దొంగలు పడ్డారని ఇల్లు కట్టుకోవడం మానేస్తామా? ఇంకో మాట చెప్తా విను. మన వీధిలో కొట్టు శెట్టిగారికి ఆపరేషన్ చేసేముందు మత్తు డాక్టరు ఏమడిగాడో తెలుసా? ‘మీరు వైశ్యులా?’ అని. ఎందుకని నేనే కనుక్కున్నా. వాళ్లలో కొందరికి రక్తంలో ఒక ఎంజైము తక్కువట.

అక్క: సూడోకోలినెస్టరేజ్.

నాన్న: అదే. అది లేకపోతే, ఆపరేషన్లో కండరాలు సడలడానికిచ్చే, నిమిషాల్లో విడిపోవాల్సిన సక్సినైల్‌కోలిన్ మందు గంటల తరబడి విడవదు. మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు, వెంటిలేటర్ మీద ఉంచాలి. ఇప్పుడు చెప్పు. కులం అడిగి ఊహించడం నయమా, ఎవరి ఒంట్లో ఏముందో ముందే పరీక్ష చేసి, అది వాళ్లతోనే ఉండేలా చూడటం నయమా?

అక్క: పరీక్షే నయం, సందేహం లేదు. మన ఐఐఎస్సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ ముందుండి నడిపిన జీనోమ్ ఇండియాలో పదివేల మంది జన్యువులు చదివింది కూడా ఇలాంటివి తెలియాలనే. కానీ నాన్నా, ఏటీఎం పిన్ ఎవడైనా చూస్తే మార్చుకుంటాం, జన్యువును మార్చుకోలేం. పైగా నీది నీ ఒక్కడిదే కాదు. అందులో సగం నాలో ఉంది, సగం తమ్ముడిలో ఉంది. నువ్వు సరేనని సంతకం పెడితే మా సంగతి కూడా బయటపడినట్టే. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసిన పుట్టస్వామి గారు వేసిన కేసులోనే కదా, 2017 ఆగస్టులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు!

నాన్న బనీను పక్కకు లాగాడు. చర్మం కింద అగ్గిపెట్టె కన్నా చిన్నగా ఉబ్బెత్తు. వాదన వేడెక్కినప్పుడల్లా బొటనవేలితో దాని అంచు తడుముకోవడం ఆయనకు అలవాటు.

నాన్న: ఇదిగో, నాలుగేళ్లుగా చిప్ మోస్తూనే ఉన్నా. గుండె ఎప్పుడు లయ తప్పిందో అన్నీ రాసుకుంటోంది. దీనికి లేని భయం బియ్యపు గింజకు ఎందుకు?

అక్క: నేనూ దాని గురించే చెప్తున్నా. ఇవాళ ఏం జరిగింది? మోడల్ నంబరుతో సహా అన్నీ ఆ చిప్‌లోనే ఉన్నాయి. హాస్పిటల్లో ఉన్న, పేస్‌మేకర్‌ను చదివే ప్రోగ్రామర్ మెషీన్ ఇంకో కంపెనీది కాబట్టి ఒక్క అక్షరం చదవలేకపోయారు. చివరికి ఛాతీ ఎక్స్‌రే తీసి, అందులో కనిపించిన గుర్తును బట్టి కంపెనీ పేరు పట్టుకున్నారు. వాళ్ల మనిషి సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి వచ్చేసరికి ఐదైంది. చిప్ ఉండి కూడా కూర్చున్నాం నాన్నా. దాన్ని తెరిచే వీలు మన చేతిలో లేదు.

నాన్న: అయితే అన్ని కంపెనీలూ ఒకే మెషీన్ పెట్టాలని అడగండి. చిప్ వద్దనడం దేనికి?

అక్క: అందరికీ తెరుచుకునేదైతే దొంగకూ తెరుచుకోవచ్చు. 2017లో అమెరికాలో ఒకే కంపెనీ పేస్‌మేకర్లు 4,65,000 దాకా సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది, బయటివాళ్లు రేడియో సిగ్నల్‌తో చొరబడే సందు ఉందని.

నాన్న: ఒంట్లోంచి తీసి మార్చారా?

అక్క: లేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే మూడు నిమిషాల పని.

నాన్న: మరింకేం! రోగం కనిపెట్టారు, మందూ వేశారు.

అక్క: నేనడిగేది ఒక్కటే. సాయంత్రం ఆ కంపెనీ అబ్బాయి నీ ఛాతీ మీద మెషీన్‌కున్న ఆ గుండ్రటిది ఆనించాడు. తెరనిండా గీతలు, అంకెలు వచ్చాయి. ఏముందని నువ్వు తొంగి చూశావు. ఏమన్నాడు?

నాన్న: ‘అంతా బాగుంది అంకుల్’ అన్నాడు.

అక్క: కాగితం ఇచ్చాడా?

నాన్న: ఇవ్వలేదు.

అక్క: నీ గుండె రాసుకున్న లెక్క నీకు తప్ప అందరికీ కనిపించింది. ఇది సరికాకుండా ఒంట్లోకి ఇంకో చిప్ ఎక్కిస్తానంటే నేను ఒప్పుకోను.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. లెక్కల మాస్టారికి లెక్క చూపించలేదన్న మాట గట్టిగానే తగిలింది.

నాన్న: సోమవారం మళ్లీ వెళ్లాలిగా. ప్రింటు అడుగుతా. ఇవ్వం అంటే?

అక్క: కుర్చీలోంచి లేవకు. సెలవు పెట్టి నేనూ వస్తా.

నాన్న: తెచ్చుకుంటా సరే. కానీ నేను పడిపోయిన రోజు ఆ కాగితం నా జేబులో ఉండాలి కదే?

అక్క దగ్గర దీనికి జవాబు లేదు. సోమవారం ముగ్గురం వెళ్తున్నాం.